ఒకే మనిషికి రెండు కార్డులు

ముప్పై రెండేళ్ళు నేను ఇతరుల ఇళ్ళ వార్తలు టైపు చేసి బతికాను. పెళ్ళిళ్ళు, నామకరణాలు, గృహప్రవేశాలు, చావులు. గౌలిపురలో ఒక సందు మలుపున ఉండే చిన్న ప్రెస్సులో పని. చేరిన కొత్తలో సీసపు అక్షరాలు ఏరి పేర్చేదాన్ని. మానేసేనాటికి కంప్యూటరు ముందు కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారుతుంటే ఎగదోసుకుంటూ కార్డులు చేసేదాన్ని.

ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఇన్నేళ్ళలో మీరు చేసిన పెద్ద తప్పు ఏమిటని. అక్షర దోషాలు బోలెడు చేశాను. ఒకసారి పెళ్ళికొడుకు తండ్రి పేరు ముందు ‘కీర్తిశేషులు’ అని పడింది. ఆయనే స్వయంగా కార్డు పట్టుకుని వచ్చి, “నేను ఇంక బతికే ఉన్న కదమ్మా” అన్నాడు. అలాంటివి తలుచుకుని నవ్వుకోవచ్చు. నేను రాయబోయేది మాత్రం తప్పో కాదో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ప్రెస్సులో మేం ముగ్గురం. యజమానిని అందరం సేట్ అనేవాళ్ళం. వాళ్ళ తాతల కాలం నుంచి ఈ బస్తీలోనే వ్యాపారం. కాగితం కోసే మిషను మీద ఒక భాయ్ ఉండేవాడు, బార్కస్ నుంచి సైకిల్ మోటారు మీద వచ్చేవాడు. మూడోదాన్ని నేను. మాకొక పద్ధతి ఉండేది. టైపు చేసిన మేటరు కాగితం మీద తీసి, ఇచ్చినవాళ్ళ ఎదుట గట్టిగా చదివి, సంతకం పెట్టించుకున్నాకే మిషను ఎక్కించాలి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక ఆ పద్ధతి పలచబడింది. “వాట్సాప్ల పెట్టు అమ్మా, సూసి చెప్త” అనేవాళ్ళు. కాగితం కార్డులు చుట్టుపక్కల నాలుగిళ్ళకు, ఫోన్‌లో బొమ్మ దూరపు చుట్టాలకు. అలా నడిచేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, గడ్డం మాసి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మా అన్న పోయిండమ్మా, మొన్న. దినాల కార్డు కావాలె.”

జేబులోంచి ఫోటో తీశాడు. ఫ్యాక్టరీలో రిటైరైన రోజు మెడలో దండతో తీసిన ఫోటో. మేటరు ఆయన చెబుతుంటే నేను రాసుకున్నాను. మా అన్నగారు శివైక్యం చెందినారు, ఫలానా గురువారం దశదిన కర్మ, తామెల్లరు విచ్చేసి వారి ఆత్మకు శాంతి చేకూర్చగలరు. కింద కుటుంబ సభ్యుల పేర్లు. తమ్ముడు, మరదలు, వాళ్ళ కొడుకు.

“ఆయన భార్యాపిల్లలు?” అని అడిగాను.

“వదిన ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. మేమే.”

ఆ ‘లేరు’ అన్నమాట కొంచెం తొందరగా వచ్చింది. నేను పట్టించుకోలేదు. చావు ఇంటివాళ్ళు అన్నీ తొందరగానే అంటారు.

వాళ్ళ చుట్టాలు సగం మంది సోలాపూర్‌లో, భివండీలో ఉన్నారట. తాతల నాడే మగ్గాల పనికి వలసపోయినవాళ్ళు. కార్డు తయారవగానే ఫోన్‌లో పెడితే కుటుంబం గ్రూపులో వేస్తానన్నాడు. ఫోన్ లేని ముసలివాళ్ళకు పోస్టులో పంపాలని ఒక చిన్న పుస్తకం ఇచ్చాడు, చుట్టాలందరి చిరునామాలు, నంబర్లు రాసినది. అది నా సొరుగులో పెట్టుకున్నాను.

మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఒక అమ్మాయి దిగింది. నడుం కొద్దిగా వంచి, ఒక చేయి పొట్ట మీద ఆనించుకుని మెట్లు ఎక్కింది. ఆటోలో వెనక సీట్లో పెద్దావిడ ఒకామె పసిపాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“బాలింతవు, గిట్ల ఎండల తిరుగుతరా బిడ్డా?” అన్నాను చూడగానే.

“పనుండి వచ్చిన ఆంటీ. మా నాన్న పోయిండు. కార్డు కావాలె.”

ఫోన్‌లో ఫోటో చూపించింది. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. అదే దండ, అదే మనిషి.

తడబడుతూ అడిగాను, ఆయనకు పిల్లలు లేరు కదా అని. తర్వాత ఆ మాటకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ అమ్మాయి మొహంలో రంగు మారలేదు. “బాబాయి అట్ల చెప్పిండా?” అని మాత్రం అంది. అప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. మెల్లగా చెప్పింది.

ఎనిమిదేళ్ళ కింద ఆమె తనతో పనిచేసే క్రైస్తవ అబ్బాయిని పెళ్ళి చేసుకుని సైదాబాద్ వెళ్ళిపోయింది. చుట్టాలందరూ తెంచుకున్నారు. తండ్రి కూడా రెండేళ్ళు మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం వచ్చి తలుపు కొట్టాడు. ఆ రోజు కూతురు చర్చికి బయలుదేరుతుంటే తోడు వెళ్ళాడు. వాళ్ళ చిన్న ప్రార్థన గుడిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. అప్పటినుంచి ఆరేళ్ళు ప్రతి ఆదివారం వచ్చేవాడు. బోనాల పండుగకు మాత్రం తమ్ముడింట్లోనే ఉండేవాడు.

“బాప్తిస్మం తీసుకున్నడా?” అడిగాను.

“తీసుకుంటనన్నడు. పాప పుట్టినంక అందరికి చెప్పి తీసుకుంటనన్నడు. దవాఖానకు వచ్చి పాపను సూసిండు ఆంటీ. సోలాపూర్ల మా పెద్ద మేనత్తకు ఫోన్ చేసి చెప్త, పేరు ఆమెనే పెట్టాలె అన్నడు. నాలుగు రోజులకే పోయిండు. నాకు కుట్లున్నయి. నాకు తెలిసేసరికి మట్టి అయిపోయింది.”

ఆమె రాసుకొచ్చిన కాగితంలో ‘ప్రభువునందు నిద్రించిరి’ అని ఉంది. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. కింద కూతురు, అల్లుడు. వాళ్ళ తర్వాత ‘పది రోజుల మనుమరాలు’.

“కూడిక నాటికి రోజులు మారుతయి కద బిడ్డా” అన్నాను.

“మారనీయండి. గట్లనే రాయండి.”

శిలువ బొమ్మ పెట్టాలా అంటే వద్దంది. “నాన్న ఇంక ఎవ్వలకు చెప్పలే. అంత పెద్దగ వద్దు.” లేవబోతూ అడిగింది. “ఆంటీ, మా మేనత్త నంబరు మీ దగ్గరుంటదా? నా దగ్గరున్నది పోతలేదు.”

నంబరు నా సొరుగులోనే ఉంది. జానెడు దూరం. ఒకరిచ్చిన చిరునామాలు ఇంకొకరికి ఇవ్వకూడదన్నది ప్రెస్సులో కట్టుబాటు. సేట్ అవతల బల్ల దగ్గర పెళ్ళివాళ్ళతో మాట్లాడుతున్నాడు. నేను లేదని చెప్పాను. ఆ అమ్మాయి నమ్మినట్టు తల ఊపి, మళ్ళీ పొట్ట మీద చేయి పెట్టుకుని మెట్లు దిగింది.

ఆటో కదిలేముందు వెళ్ళి పాపను చూశాను. నిద్రపోతోంది.

ఇక కార్డులు పంపిన రోజు సంగతి. రెండో కార్డుకు కొత్తగా ఏమీ చేయలేదు. మొదటి ఫైలునే కాపీ చేసి అక్షరాలు మార్చాను. అదే నల్లంచు, అదే ఫోటో, పైన అదే పూలకొమ్మ. పక్కపక్కన పెట్టి చూసినా ఏ కార్డు ఎవరిదో చదివితే తప్ప తెలియదు. మర్నాడు పదకొండింటికి కరెంటు పోయి వచ్చింది. సేట్ పెళ్ళికార్డు తొందరపెడుతున్నాడు. రెండు బొమ్మలూ పంపేసి ఆ పని ముట్టుకుందామనుకున్నాను. ఫోన్ తెరిచాను. వాళ్ళ నంబర్లు పేర్లతో దాచుకోలేదు. చావు తర్వాత ఇద్దరూ తమ ప్రొఫైల్ ఫోటో మార్చారు. ఇద్దరూ ఆయన ఫోటోనే పెట్టుకున్నారు. జాబితాలో ఒకదాని కింద ఒకటి, ఒకే మొహం రెండుసార్లు నన్ను చూస్తోంది.

పైదానికి ఒక కార్డు, కిందిదానికి ఒక కార్డు పంపాను.

గంట గడవలేదు, ఫోను. ఆ అమ్మాయి. “ఆంటీ, దీంట్ల నా పేరేది?” అంది.

అప్పుడు అర్థమైంది. రెండు కార్డులూ తారుమారయ్యాయి. తమ్ముడి నంబరుకు పంపినదాన్ని తీసేద్దామని చూశాను. ఆయన అప్పటికే దాన్ని కుటుంబం గ్రూపులో వేసేశాడు. వంటవాళ్ళతో మాట్లాడుతూ, కళ్ళద్దాలు లేకుండా, అన్న ఫోటో ఒక్కటి చూసుకుని వేశాడట. అది సోలాపూర్‌కు, భివండీకి, అక్కణ్ణుంచి ఇంకా ఎక్కడెక్కడికో పోయింది. చావు, పుట్టుక, మతం, మూడు వార్తలూ ఒకే కార్డులో, ఒకే నిమిషంలో.

ఆయన చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వచ్చాడు. సందులోంచే కేకలు.

“ఏంది ఇది? ఏంది గిట్ల చేసిన్రు? మా పరువు బజార్ల పెట్టిన్రు! సోలాపూర్‌కెళ్ళి, భివండీకెళ్ళి ఒక్కటే ఫోన్లు వస్తున్నయి. మీ అన్న కిరస్తానంల కలిసిండా అంటున్రు. ఏం చెప్పాలె నేను?”

సేట్ లేచి ఎదురెళ్ళాడు, చేతులు జోడించాడు. “గల్తీ హమారీ హై భాయ్. తప్పు మాది. ఇప్పుడే సరైన కార్డు పంపుతాం. తప్పు పడిందని రాసి పంపుతాం.”

“ఏమని రాస్తవు సేట్? ఫోటో తప్పా? పేరు తప్పా? అంత మా అన్నదే కద!” ఆయన గొంతు అక్కడ తగ్గిపోయింది. నా బల్ల ముందు కూర్చున్నాడు. “ఆదివారం ఆదివారం దోస్తుల కాడికి పోతున్న అనేటోడు. ఆరేండ్లు. నేనే టిఫిన్ డబ్బ కట్టించి ఇచ్చేటోన్ని. నాకు చెప్పలే. నాకు సోలాపూరోళ్ళు చెప్తున్రు.” మొహం తుడుచుకుని అన్నాడు, “దానికి బిడ్డ పుట్టిందని గుడ నాకు తెల్వదు.”

నన్ను తిట్టడానికి వచ్చిన మనిషి అలా కూర్చుని ఉంటే నాకు ఏం చేయాలో తోచలేదు. కంప్యూటరులో అసలు కార్డు తెరిచి చూపించాను. చూడలేదు, లేచి వెళ్ళిపోయాడు. ఆ కార్డు ఆయన ఫోన్‌కు పంపాను.

సేట్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. “బెహన్‌జీ, కళ్ళు ఒకసారి చూపించుకోండి” అన్నాడు. తిట్టినా బాగుండేది. కాగితం కోసే భాయ్ మిషను ఆపి వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఫికర్ నక్కో కరో బాజీ, రంది పడకు అక్కా. మా ఇంట్ల గుడ ఇదే కత. యమన్ దేశంల మా దాదీ వాళ్ళున్నరు, మా నాయనమ్మ దిక్కోళ్ళు. నేను మొహం సూడలే. ఎవరన్న పోతెనే ఫోన్ వస్తది. గప్పుడే ఎవరు పుట్టిన్రో గుడ తెలుస్తది. పోయినోళ్ళ కోసం ఏడ్సాల్నా, పుట్టినోళ్ళ కోసం నవ్వాల్నా సమజ్ కాదు. అమ్మీ రెండు చేస్తది.”

సాయంత్రం ప్రెస్సు నంబరుకు ఇంకో ఫోను. కార్డు అడుగున మా నంబరు ఉంటుంది. ముసలి గొంతు. సోలాపూర్ నుంచి, ఆ పెద్ద మేనత్త. మరాఠీ కలిసిన తెలుగు.

“బిడ్డా, కార్డు కొట్టింది నువ్వేనా? పొద్దుగాల ఒక కార్డు వచ్చింది, మద్యానం ఇంకొకటి వచ్చింది. ఒకదాంట్ల గురువారం ఉన్నది, ఒకదాంట్ల ఆదివారం. ఏది అసల్ది?”

“రెండూ అసలువే అమ్మా.”

“మా ఇంట్ల ఒకడు పోవద్దంటడు, ఒకడు గురువారం పో అంటడు. నా తమ్ముడు ఏ దేవుని కాడికి పోయిండో వాడే సూసుకుంటడు. నాకు టికెట్ తియ్యాలె. ఏ రోజుకు తియ్యాలె, చెప్పు.”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. కార్డు కొట్టేవాళ్ళను ఎవరు అడుగుతారు? “బుధవారం బయలుదేరి సోమవారం పోయేటట్టు తీసుకోండి” అన్నాను. అనకూడదని తెలుసు.

“అన్ని రోజులు ఎవరింట్ల ఉండాలె?” అంది. అని, మళ్ళీ తనే, “సరే తియ్, వచ్చినంక సూస్త” అంది.

గురువారం నేను వెళ్ళలేదు, వెళ్ళే మొహం లేదు. ఆదివారం మాత్రం ఆ అమ్మాయి మరీ మరీ పిలిస్తే సైదాబాద్ వెళ్ళాను. రేకుల కప్పు, నీలం గోడలు, ముప్పై నలభై మంది. ముందు వరసలో తొమ్మిది గజాల చీరలో మేనత్త కూర్చుని ఉంది. నుదుట పెద్ద బొట్టు. పాటలు రాకపోయినా చేతులు తడుతోంది. పాప ఆమె ఒళ్ళోనే ఉంది. ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఏడుస్తోంది, మధ్యలో నవ్వుతోంది. నన్ను చూసి లేచి వచ్చి చేతులు పట్టుకుంది.

“మీరు కావాలనే పంపిన్రు కద ఆంటీ. నాకు తెలుసు. నంబరు ఇయ్యలేక గిట్ల చేసిన్రు.”

“లేదు బిడ్డా, పొరపాటున పోయింది” అన్నాను. నమ్మలేదు. నా చేతులు ఇంకా గట్టిగా నొక్కింది.

ఉక్కగా ఉంటే బయటికి వచ్చాను. రోడ్డవతల ఆటో ఆగి ఉంది. వెనక సీట్లో ఆ తమ్ముడు. అక్కను దింపడానికి వచ్చి అక్కడే కూర్చుండిపోయాడు. గుండు చేయించుకున్నాడు. మొదట గుర్తుపట్టలేదు. దగ్గరికి వెళ్ళాను.

“లోపలికి రా అన్నా.”

“రాను. పాప ఉన్నదా లోపల?”

“ఉన్నది. మీ అక్క ఎత్తుకున్నది.”

“ఎవరి పోలిక?”

అందరూ తాత పోలిక అంటున్నారని చెబితే ఆయనకు బాగుండేది. నిజానికి నాకు తెలియలేదు. “పండుకున్నది అన్నా. తెలుస్తలేదు” అన్నాను.

ఆయన తల ఊపి, నా మొహంలోకి చూశాడు. “ఒక్కటి అడుగుత, నిజం చెప్పు. కావాలనే చేసినవా?”

లోపల ఆ అమ్మాయికి లేదని చెప్పి ఐదు నిమిషాలు కాలేదు. ఇక్కడ ఆ మాట నోట రాలేదు. సొరుగులో నంబరు పెట్టుకుని లేదని చెప్పిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆ రెండు మొహాల్లో ఏది ఎవరిదో నేను చూసుకోలేదా, చూసుకోదలచలేదా? ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చదవకుండా ఏదీ పంపనిదాన్ని, ఆ రోజే ఎందుకు చదవలేదు?

“తెల్వదు అన్నా” అన్నాను.

“ఏం మనిషివమ్మా నువ్వు” అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

ఆ తర్వాత విన్నది ఏమిటంటే, భివండీలో ఆయన కొడుక్కి ఒక సంబంధం మాట దాకా వచ్చి ఉందట. కార్డు చూశాక వాళ్ళు ఫోన్లు ఎత్తడం మానేశారు. ఆ కొడుకు మంచివాడు, ప్రెస్సుకు ఒకసారి వచ్చి కార్డులు తీసుకెళ్ళాడు. నా ఒక్క వేలు తగిలి ఒక ఇంటికి మేనత్త వచ్చింది, ఒక ఇంట్లో పెళ్ళి ఆగింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఏది బరువో చూద్దామని చాలాసార్లు అనుకున్నాను. నాకు చేతకాలేదు. సేట్ దృష్టిలో నాకు కళ్ళు తగ్గాయి. ఆ అమ్మాయి దృష్టిలో నాది మంచి మనసు. తమ్ముడి దృష్టిలో ఏమిటో నాకు తెలియదు. ముగ్గురిలో ఎవరు సరిగ్గా పట్టుకున్నారో చెప్పగలిగేది నేను ఒక్కదాన్నే, నేనే చెప్పలేను.

ఏడాది తిరిగింది. నేను ఆ నెలాఖరుకు మానేస్తానని సేట్‌కు చెప్పాను. అప్పుడు వచ్చాడు ఆయన, సంవత్సరీకం కార్డుకు. గౌలిపురలో ఇంకో రెండు ప్రెస్సులున్నాయి. అయినా మా దగ్గరికే వచ్చాడు. కాగితం ఇచ్చాడు, పాత పేర్లే. నేను టైపు చేస్తుంటే వెనక నిలబడి చూస్తున్నాడు. పేర్ల దగ్గరికి వచ్చేసరికి, “దాని పేరు గుడ రాయి” అన్నాడు. కూతురు అని, పక్కన పేరు కొట్టాను. “వద్దులే” అన్నాడు వెంటనే. తర్వాత, “రేపు చెప్త” అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఫోన్ చేశాడు. ఎక్కడో బజారులో ఉన్నాడు, హారన్ల మోత.

“ఎట్లున్నది గట్లనే ఏసెయ్యమ్మా.”

“అన్నా, ఎట్లున్నది అంటే...” అనేలోపే పెట్టేశాడు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. రెండుసార్లు చేశాను. ఆయన కాగితంలో ఉన్నట్టు వేస్తే కూతురి పేరు లేదు. నా కంప్యూటరులో ఉన్నట్టు వేస్తే ఉంది. భాయ్ కాగితం కోసి సిద్ధంగా పెట్టాడు. సేట్ వచ్చి తెర వైపు చూసి, “పూఛో ఉస్కో, అడగండి” అన్నాడు. “అడిగాను” అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. మూడోసారి చేయగలిగి ఉండీ చేయలేదు.

పని నేర్చుకునే పిల్లలు నా నుంచి ఇది నేర్చుకోకండి. పేరు ఉంచాను. తెర మీద మూడుసార్లు చదివి, నిబ్బరంగా మిషను ఎక్కించాను. ఈసారి నా చేయి ఏం చేస్తోందో నాకు బాగా తెలుసు.

సాయంత్రం ఆయన వచ్చి కట్ట విప్పాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని పై కార్డు చదివాడు. పేర్ల దగ్గర ఆగాడు. నేను తిట్లకు సిద్ధపడి లేచి నిలబడ్డాను. ఆయన కార్డును మళ్ళీ కట్టలో పెట్టి, దారం చుట్టి, రెండు ముళ్ళు వేశాడు.

“ఇంకో పది ఎక్కువ కొడ్తవా?” అని అడిగాడు.

ఎవరికని నేను అడగలేదు. మిషను ఇంకా వేడిగానే ఉంది. పది కొట్టి ఇచ్చాను.